ఠాణా గడపే తొలి దళం

వేలిముద్రలు వెతికే క్లూస్‌ టీమ్‌, వాసన పట్టే జాగిలం, నాటుబాంబులు నిర్వీర్యం చేసే బృందం, సైబర్‌ నిపుణులు, మత్తుమందుల వేటగాళ్లు... జిల్లా కేంద్రం నుంచి ఎంత నేర్పు కదిలివచ్చినా, దానికి పల్లెలో దారి చూపేది ఊరెరిగిన కానిస్టేబులే. ప్యాపిలి లాంటి మండలంలో నిలబడి చూస్తే పోలీసు బలం ఎక్కడ పుడుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

కర్నూలు నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తూ డోన్‌ దాటాక ప్యాపిలి వస్తుంది. సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన, కొండల నడుమ ఉన్న ఊరు. చుట్టూ వానను నమ్ముకున్న మెట్ట పొలాలు. వేరుశనగ, కంది, ఆముదం, టమోటా. పగలు ఇది రైతుల ఊరు. రాత్రయితే హైదరాబాద్‌కూ బెంగళూరుకూ మధ్య పరుగెత్తే బస్సుల, లారీల దారి. 2022 ఏప్రిల్‌ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలం కర్నూలు నుంచి కొత్త జిల్లాలోకి వచ్చింది. ఎస్పీ కార్యాలయం ఉన్న నంద్యాల ఇక్కడికి దాదాపు తొంభై, వంద కిలోమీటర్లు. మండలానికి ప్యాపిలి, జలదుర్గం రెండు పోలీస్‌ స్టేషన్లు.

మహానగరంలో ట్రాఫిక్‌కు ఒక విభాగం, సైబర్‌ నేరాలకు ఒకటి, మహిళల రక్షణకు ఒకటి, సెంట్రల్‌ క్రైమ్‌ స్టేషన్‌, టాస్క్‌ఫోర్స్‌, స్పెషల్‌ బ్రాంచ్‌ దేనికది విడివిడిగా ఉంటాయి. దేనికి ఎవరి దగ్గరికి పోవాలో నగరవాసికి కొంతైనా తెలుస్తుంది. ప్యాపిలిలో వాటన్నిటికీ తలుపు ఒక్కటే. రోడ్డు ప్రమాదమైనా, బీరువా పగిలినా, ఫోన్‌లో డబ్బు పోయినా, అల్లుడు బిడ్డను కొట్టినా జనం వచ్చేది ఆ స్టేషన్‌కే. ఎస్సై, ఏఎస్సై, హెడ్‌ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు, స్టేషన్‌ రైటర్‌, హోంగార్డులు. వీళ్లు విన్నది విన్నట్టు రాసుకుంటేనే నంద్యాలలోని నిపుణుల బృందానికి పని మొదలవుతుంది. వీళ్లు వినకపోతే ఆ బృందం ఉన్నా లేనట్టే.

రహదారి మీద నిమిషాల లెక్క

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున ఇదే రహదారి మీద, కర్నూలు దగ్గరి చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్‌ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్‌ బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఢీకొట్టింది. మంటలు చెలరేగి బస్సులో నిద్రపోతున్న 19 మంది సజీవదహనమయ్యారు. ఆ ఉదయం తర్వాత జరిగిన పనిని గుర్తు పెట్టుకోవాలి. మనిషిని చూసి పోల్చుకునే వీలు లేదు. ఫోరెన్సిక్‌ బృందాలు అవశేషాలను సేకరించాయి, రక్తసంబంధీకుల నమూనాలు తీసుకున్నారు, డీఎన్‌ఏ పరీక్షతో ఎవరి బిడ్డను వారికి అప్పగించారు. కడసారి చూపు కూడా దక్కని తల్లిదండ్రులకు తమ బిడ్డ దేహమే తమ చేతికి వచ్చిందన్న నిశ్చయం ఒక్కటే మిగిలింది. ఆ నిశ్చయాన్ని శాస్త్రం ఇచ్చింది. దాన్ని ఇంటింటికీ మోసుకెళ్లి, ఏడ్చేవాళ్ల పక్కన నిలబడి, కాగితాలు పూర్తిచేయించింది పోలీసులు, రెవెన్యూ సిబ్బంది, ఆస్పత్రి ఉద్యోగులు.

ప్యాపిలి మీదుగా పోయే రోడ్డు అదే. హైవే పెట్రోలింగ్‌ వాహనం అందరికంటే ముందు చేరుతుందన్న హామీ లేదు. ముందుండేది పక్క పొలంలో నీళ్లు కడుతున్న రైతు, టీ కొట్టు నడిపే మనిషి, వెనక వచ్చే లారీ డ్రైవరు. పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయంతో వాళ్లు పక్కకు తప్పుకుంటే గాయపడిన మనిషి ప్రాణం పోతుంది. ఆ భయానికి ఇప్పుడు చట్టంలో చోటు లేదు. సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది. 2019లో మోటారు వాహన చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్‌ ఆ రక్షణను చట్టంగా మార్చింది. ఆస్పత్రిలో చేర్చినవాళ్లు తమ పేరు చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం కూడా ఉంది. ఈ మూడు సంగతులూ రహదారి పక్క ప్రతి ఊరి రచ్చబండ దగ్గర పోలీసు నోటితో చెప్పించాలి. ఎందుకంటే భయం పుట్టింది పోలీసు వల్ల, పోవాల్సిందీ పోలీసు మాటతోనే.

బీరువా ముట్టొద్దు!

కరువు ఏడాదుల్లో ఈ ప్రాంతపు మెట్ట పల్లెల నుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకో, బెంగళూరు కట్టడం పనులకో. తాళం వేసిన ఇల్లు దొంగకు పిలుపు. తిరిగొచ్చి తలుపు తీసిన ఇంటావిడ మొదట చేసే పని ఏది పోయిందోనని పెట్టెలు, బీరువాలు తడమడం. అరగంటలో ఊరంతా ఇంట్లోకి వచ్చి చూసి పోతుంది. నంద్యాల నుంచి క్లూస్‌ టీమ్‌ వచ్చేసరికి దొంగ వేలిముద్రల మీద ఊరి వేలిముద్రలు పరుచుకుని ఉంటాయి. జాగిలం వాసన పట్టాల్సిన దారిలో వంద పాదాలు తిరిగి ఉంటాయి.

వేలిముద్రల విద్య మన దేశానికి కొత్త కాదు. ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. అక్కడ అజీజుల్‌ హక్‌, హేమచంద్ర బోస్‌ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు రూపొందించిన వర్గీకరణే తర్వాత వారి పై అధికారి హెన్రీ పేరుతో ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు అదే విద్య కంప్యూటర్‌ ఎక్కింది. ఘటనాస్థలిలో దొరికిన ముద్రను పాత నేరస్తుల ముద్రలతో యంత్రం పోల్చి చూస్తుంది. రాత్రి గస్తీలో అనుమానితుడు కనిపిస్తే చేతిలోని చిన్న పరికరం మీద వేలు పెట్టించి పాత కేసులున్నాయేమో అక్కడికక్కడే చూసే ఏర్పాటు తెలుగు రాష్ట్రాల పోలీసులకు ఉంది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత ఈ పనిని తప్పనిసరి బాధ్యతగా మార్చింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్‌ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించి, ఆ పనిని వీడియో తీయించాలని 176వ సెక్షన్‌ చెబుతోంది. దీన్ని పూర్తిగా అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. అంటే మారుమూల పల్లెలో రెండు తులాల గొలుసు పోయిన ఇంటికి కూడా నిపుణుడు రావాలన్నదే చట్టం ఆశయం. జిల్లా కేంద్రంలో ఉన్న ఒకటి రెండు బృందాలు, వంద కిలోమీటర్ల దూరం, రోజుకు వచ్చే కేసుల తాకిడి చూస్తే ఆ ఆశయం ఎంత సిబ్బందిని, ఎన్ని వాహనాలను అడుగుతుందో తెలుస్తుంది. డోన్‌ లాంటి సబ్‌డివిజన్‌ కేంద్రంలోనే ఆ బృందం ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదు. అది చట్టం పెట్టిన బాధ్యతను తీర్చే దారి.

అప్పటిదాకా ఆధారాన్ని కాపాడేది మొదట చేరిన కానిస్టేబులు. గుమ్మంలో నిలబడి ‘ఎవరూ లోపలికి పోవద్దప్పా, బీరువా ముట్టొద్దక్కా’ అని గట్టిగా చెప్పే ఆ ఒక్క మనిషి మాట ఊరు వింటే, క్లూస్‌ టీమ్‌ పని సగం అయినట్టే. ఆ మాటకు విలువ ఆ ఒక్కరోజులో రాదు. అంతకుముందు అదే కానిస్టేబులు ఆ వీధిలో ఎట్లా మసలుకున్నాడన్న దాన్నిబట్టి వస్తుంది.

కప్పట్రాళ్ల చెప్పిన పాఠం

ఈ నేలకు ఇంకో చరిత్ర ఉంది. పత్తికొండ, డోన్‌, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతాల్లో ఒకప్పుడు తరాల తరబడి ఫ్యాక్షన్‌ రగిలింది. గడ్డివాముల్లో, బావుల్లో, గుట్టల్లో నాటుబాంబులు దాచేవారు. పొలం దున్నేటప్పుడు, చెత్త ఏరేటప్పుడు అవి పేలి అన్నెం పున్నెం ఎరగనివాళ్లు చేతులు పోగొట్టుకున్నారు. బాంబ్‌ డిస్పోజల్‌ స్క్వాడ్‌, పేలుడు పదార్థాలను పసిగట్టే జాగిలాలు రాయలసీమ జిల్లాలకు అలంకారంగా రాలేదు. అవసరం కొద్దీ వచ్చాయి. వాటితోపాటే స్పెషల్‌ పార్టీలు, పికెట్లు, బైండోవర్లు, కార్డన్‌ సెర్చ్‌లు నడిచాయి. 1990లలో పక్కనున్న కడప జిల్లా ఎస్పీగా ఫ్యాక్షన్‌ నాయకులను ఎదిరించిన ఉమేశ్‌చంద్రను అక్కడి సామాన్యులు ఇంటి మనిషిలా తలుచుకున్నారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్‌ ఎస్‌.ఆర్‌.నగర్‌ కూడలిలో నక్సలైట్ల తూటాలకు ఆయన బలయ్యారు. అంతకు ఆరేళ్ల ముందు, 1993 జనవరిలో, గ్రేహౌండ్స్‌ దళాన్ని తీర్చిదిద్దిన కె.ఎస్‌.వ్యాస్‌ కూడా హైదరాబాద్‌లోనే హతమయ్యారు. ప్రత్యేక దళాల కథ వెనక ఇలాంటి ప్రాణత్యాగాలున్నాయి.

అయితే బాంబును నిర్వీర్యం చేసినంత తేలిగ్గా పగను నిర్వీర్యం చేయలేం. దానికి వేరే పనితనం కావాలి. ప్యాపిలికి వాయవ్యాన దేవనకొండ మండలంలో ఉన్న కప్పట్రాళ్ల అందుకు సాక్ష్యం. 2008 మేలో ఆ ఊరి ఫ్యాక్షన్‌ నాయకుడు, ఆయన అనుచరులు కలిపి 11 మంది ఒకే దాడిలో హతమయ్యారు. ఊరి పేరు చెబితే పిల్లనివ్వడానికి వెనకాడే రోజులు వచ్చాయి. కొన్నేళ్ల తర్వాత అప్పటి కర్నూలు జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. రోడ్లు, బడి, యువతకు ఉపాధి శిక్షణ అంటూ పోలీసు శాఖ ఊళ్లోకి కొత్త దారిలో అడుగుపెట్టింది. రెండు వర్గాల పిల్లలు ఒకే బడిలో, ఒకే ఆటస్థలంలో కలవడం మొదలైంది.

ఆ మార్పు లోతు 2024 నవంబరులో తెలిసింది. కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు తవ్వుతారన్న వార్త వచ్చినప్పుడు ఆ ఊరు, చుట్టుపక్కల ఊళ్లు ఒక్కటై రోడ్డెక్కాయి. బాంబు పట్టిన చరిత్ర ఉన్న ఊరు ఈసారి బైఠాయింపును, తీర్మానాన్ని పట్టుకుంది. ప్రభుత్వం తవ్వకాల ఆలోచనను ఆపింది. తమ కోపాన్ని చట్టంలోపల చెప్పుకోవచ్చని, చెబితే వింటారని నమ్మిన ఊరు శాంతిభద్రతలకు ఏ దళమూ ఇవ్వలేని భరోసా ఇస్తుంది.

రాయలసీమ పోలీసుల ‘పల్లెనిద్ర’ వెనక ఉన్నదీ ఇదే తర్కం. అధికారి సమస్య ఉన్న ఊళ్లోనే రాత్రి గడిపి, రచ్చబండ దగ్గర కూర్చుని, రెండు వర్గాల మాటా విని, తెల్లారి అక్కడి నుంచే బయలుదేరడం. జీపులో వచ్చి పది నిమిషాల్లో వెళ్లిపోయే అధికారికి తెలియని సంగతులు ఊళ్లో నిద్ర చేసినవాడికి తెలుస్తాయి. పొలం గట్టు తగాదా ఎప్పుడు కొడవళ్ల దాకా వెళ్తుందో, జాతరలో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో స్పెషల్‌ బ్రాంచ్‌ నివేదిక కంటే ముందు ఊరి ముసలమ్మే చెబుతుంది.

కావలి నుంచి కానిస్టేబుల్‌ దాకా

రక్షణ, నమ్మకం మధ్య ఈ లెక్క ఇక్కడ చాలా పాతది. గుత్తి–పత్తికొండ దారిలోని ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. రాజుకులనే అధికారులు డప్పు వేయించి జనపదాల ప్రజలకు ధర్మం చెప్పాలని, తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల పట్ల దయ చూపడం బోధించాలని అక్కడి లఘు శాసనం ఆజ్ఞాపిస్తుంది. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద అధికారి పని మంచి చెప్పడం కూడా అని రాతిలో చెక్కారు.

ఆ తర్వాతి శతాబ్దాల్లో ఊరి కాపలా పాళెగాళ్ల చేతికి వచ్చింది. కావలి రుసుము తీసుకుని రక్షణ ఇవ్వడం, సొమ్ము పోతే వెతికి తేవడం లేదా నష్టం కట్టడం ఒప్పందం. కాలక్రమంలో కాపలా కాసేవాడే దోచుకునేవాడయ్యాడు. 1800లో ఈ ప్రాంతం నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమండలంగా వచ్చాక, ప్రధాన కలెక్టర్‌ థామస్‌ మన్రో పాళెగాళ్ల అధికారాన్ని అణచివేశాడు. ఆయన 1827 జులైలో కలరాతో కన్నుమూసింది ఇక్కడికి దగ్గరి పత్తికొండలోనే. అయితే శిస్తు వసూలు, పోలీసు పని ఒకే చేతిలో ఉండటంతో కొత్త బాధ మొదలైంది. శిస్తు కట్టలేని రైతును హింసించే పద్ధతులపై 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం ఇచ్చిన నివేదిక పాలకులను కుదిపింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి రెవెన్యూ నుంచి పోలీసును వేరుచేసింది. అంటే మన ఆధునిక పోలీసు వ్యవస్థ పుట్టుకలోనే ఒక షరతు ఉంది: సామాన్యుడి ఒంటి మీద చెయ్యి వేయకూడదు. ఆ షరతు ఉల్లంఘన జరిగిన ప్రతిసారీ శాఖ తన పునాదినే తవ్వుకుంటుంది. 1996లో డి.కె.బసు కేసులో అరెస్టు నియమాలు, 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలన్న ఆదేశం ద్వారా సుప్రీంకోర్టు గుర్తుచేసిందీ దాన్నే.

నగరం నేర్పింది, పల్లె నేర్వాల్సింది

తెలుగునాట నగర పోలీసు సమాజానికి ఎంత దగ్గరవగలదో చూపినవాడు రాజా బహద్దూర్‌ వెంకటరామారెడ్డి. 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్‌ కొత్వాల్‌గా శాంతిభద్రతలు చూసుకుంటూనే విద్యార్థుల వసతిగృహాలకు, ఆడపిల్లల చదువుకు అండగా నిలిచాడు. అదే హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న షీ టీమ్స్‌ మొదలయ్యాయి. మఫ్తీలో బస్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర నిఘా వేసి, వేధించేవాణ్ని ఆధారంతో పట్టుకుని, మొదటిసారైతే తల్లిదండ్రుల ముందు కౌన్సెలింగ్‌ ఇచ్చే పద్ధతి దేశం దృష్టిని ఆకర్షించింది. 2016లో వచ్చిన భరోసా కేంద్రం బాధితురాలిని స్టేషన్‌కు, ఆస్పత్రికి, కోర్టుకు తిప్పకుండా వైద్యం, న్యాయసాయం, ఓదార్పు ఒకేచోట అందించింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మహిళల కోసం తొలి దిశ స్టేషన్‌ తెరిచారు. 2025 మార్చిలో శక్తి యాప్‌, శక్తి బృందాలు వచ్చాయి. గంజాయి, మత్తుమందుల మీద 2024 నవంబరులో ఈగల్‌ విభాగం ఏర్పడింది. దాని సారథ్యం కప్పట్రాళ్లను దత్తత తీసుకున్న రవికృష్ణకే దక్కింది. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులుగా యువతులు చేరారు. పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి. ప్యాపిలి మండలంలో ఇంటర్‌ చదివే అమ్మాయికి కావలసింది మాత్రం మారదు. బస్టాండులో ఎవడో వెంటపడితే పరువు పోతుందని భయపడకుండా చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి స్టేషన్‌లో ఉండాలి. మహిళలను, అరవై దాటినవారిని సాక్ష్యం కోసం స్టేషన్‌కు రప్పించకూడదని, వాళ్లున్న చోటికే వెళ్లి వివరాలు తీసుకోవాలని చట్టమే చెబుతోంది. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్‌ రాయించవచ్చు. ఎఫ్‌ఐఆర్‌ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లో బాధితులకు తెలపాలి. ఇవి దయాధర్మాలు కావు, హక్కులు.

ఫోన్‌లోంచి వచ్చే దొంగ

పాత దొంగ గోడ దూకేవాడు. ఇప్పటి దొంగ కరెంటు బిల్లు పేరుతో, కేవైసీ పేరుతో, కొరియర్‌లో మత్తుమందులు దొరికాయన్న బెదిరింపుతో ఫోన్‌లోంచి వస్తాడు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని ‘డిజిటల్‌ అరెస్టు’ చేశామంటాడు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. టమోటా అమ్మిన డబ్బు ఖాతాలోంచి పోయిందని గ్రహించిన రైతు చేయాల్సిన మొదటి పని 1930కి ఫోన్‌ చేయడం. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తుతుంటుంది. బ్యాంకులు దాన్ని ఆపగలిగేది మొదటి గంటల్లోనే. సిగ్గుతో ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు దాచుకుంటే ఎంత గొప్ప సైబర్‌ నిపుణుడైనా ఏమీ చేయలేడు. ‘చదువుకున్నోనివి, నీకా మాత్రం తెలీదా?’ అని స్టేషన్‌లో ఒక్క మాట అంటే చాలు, తర్వాతి పదిమంది బాధితులు అసలు రారు. పోయిన ఫోన్లను సీఈఐఆర్‌ పోర్టల్‌ ద్వారా వెతికి సొంతదారులకు అప్పగించే పని ఇప్పుడు జిల్లాల పోలీసులు క్రమం తప్పకుండా చేస్తున్నారు. మూడు నెలల కూలి పెట్టి కొన్న ఫోను తిరిగి చేతికొచ్చినప్పుడు ఆ కుటుంబానికి పోలీసు మీద కలిగే గౌరవం రేపటి కేసులో సాక్షిగా మారుతుంది.

ఖాకీ వెనక మనిషి

నమ్మకం ఇవ్వమని అడిగే ముందు ఆ గడపలో ఉన్నవాళ్ల బతుకూ చూడాలి. రాత్రి గస్తీ, ఉదయం కోర్టు డ్యూటీ, మధ్యాహ్నం వీఐపీ బందోబస్తు. శివరాత్రికి శ్రీశైలం, బ్రహ్మోత్సవాలకు అహోబిలం. జిల్లాలో పెద్ద పండగ ఏదైనా చిన్న స్టేషన్లు ఖాళీ అవుతాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారపు సెలవు ప్రకటించారు. సిబ్బంది కొరత ఉన్నచోట ఆ సెలవు కాగితం మీదే ఆగిపోతుంది. నిద్రలేని మనిషి ఓపికగా వినలేడు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్‌సింగ్‌ కేసులో సుప్రీంకోర్టు శాంతిభద్రతల పనిని, దర్యాప్తును వేరుచేయమంది. బదిలీల్లో రాజకీయ జోక్యం తగ్గించమంది. దర్యాప్తు చేయాల్సిన ఎస్సైని బందోబస్తుకు పంపే పద్ధతి ఆగేదాకా 176వ సెక్షన్‌ లాంటి మంచి నిబంధనలు సగం బలంతోనే నడుస్తాయి.

ఆపదలో గుర్తుండాల్సిన నంబర్లు

పోలీసు, అగ్నిమాపక, ఏ అత్యవసరానికైనా: 112
అంబులెన్స్‌: 108
జాతీయ రహదారిపై ప్రమాదం, సాయం: 1033
సైబర్‌ మోసం: 1930
గంజాయి, మత్తుమందుల సమాచారం: 1972
మహిళలకు సాయం: 181
ఆపదలో ఉన్న పిల్లలకు: 1098

ప్యాపిలి అడగాల్సింది

సోమవారం సోమవారం ఎస్పీ కార్యాలయంలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అర్జీ పట్టుకుని ప్యాపిలి నుంచి నంద్యాలకు పోయిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. స్టేషన్‌లోనే ఆ అర్జీ న్యాయంగా తీసుకుంటే ఆ ప్రయాణమే అక్కర్లేదు. కాబట్టి మండల ప్రజలు, ప్రజాప్రతినిధులు గట్టిగా అడగాల్సినవి నాలుగు. డోన్‌లో ఫోరెన్సిక్‌ బృందం ఉండాలి. ప్రతి షిఫ్టులో మహిళా సిబ్బంది కనిపించాలి. దర్యాప్తు అధికారులను బందోబస్తు నుంచి మినహాయించాలి. పల్లెనిద్ర గొడవ జరిగాక కాదు, నెలనెలా జరగాలి.

బదులుగా ఊరు ఇవ్వాల్సింది ఒకటుంది. చూసింది చెప్పడం. ఎవరో ఒకరు చెబుతారులే అని పది మంది ఇళ్లలోకి వెళ్లిపోతే, నేరం చేసినవాడు కోర్టు మెట్లు దిగి మళ్లీ అదే వీధిలోకి వస్తాడు. సాక్షి ధైర్యం పోలీసు మర్యాదను బట్టి ఉంటుంది, పోలీసు ఫలితం సాక్షి ధైర్యాన్ని బట్టి ఉంటుంది. రాత్రివేళ తలుపు తట్టిన ముసలామెను ‘కూచో అవ్వా, ఏమైందో చెప్పు’ అని కూర్చోబెట్టి, ఆమె చెప్పింది రాసుకుని, ప్రతి చేతికిచ్చి పంపే స్టేషన్‌ ఉన్న మండలంలో తెల్లారి క్లూస్‌ టీమ్‌కు ఆధారమూ దొరుకుతుంది, కోర్టుకు సాక్షీ దొరుకుతాడు. ఆ స్టేషన్‌ను బలంగా నిలబెట్టడమే జిల్లా పోలీసు శాఖ ప్రజలకు చేయగల అతి పెద్ద సేవ. దాన్ని హక్కుగా అడగడం ప్యాపిలి ప్రజల బాధ్యత.